తెరమీది నీమో, తొట్టిలోని నీమో

జనగామలో మా బంధువుల యింట ఒక వేసవిలో మూడడుగుల గాజుతొట్టి చూచినాను. అందులో నారింజరంగుపై తెల్లని పట్టెలు గల క్లౌన్ చేపలు రెండు, వాటి నడుమ ఒక సముద్రపుష్పము, అనగా సీ అనిమోన్. ఆ యింటి పిల్లవాడు చిన్నచేపను చూపి "ఇది నీమో" అనియు, పెద్దచేపను చూపి "ఇది వాళ్ల నాయిన" అనియు నాకు పరిచయము చేసినాడు. మూడు వారములైనను గడువకముందే సముద్రపుష్పము తెల్లబడి, ముడుచుకొని, కరిగి నీటిని పాడుచేసినది. మరుసటి రోజుకు చేపలును లేవు. పిల్లవానికి ఆ చేపలపై మోజు కలిగించినది 'ఫైండింగ్ నీమో' అను చలనచిత్రము. దానిని శాస్త్రదృష్టితో మరల చూడవలెనని నాకు అప్పుడు తోచినది.

పిక్సార్ సంస్థ నిర్మించి, ఆండ్రూ స్టాంటన్ దర్శకత్వము వహించిన ఈ చిత్రము 2003లో విడుదలయినది. దీనిని తీసినవారు సముద్రజీవులను శ్రద్ధగా పరిశీలించినారనుటలో సందేహము లేదు. తండ్రి మార్లిన్ ఇల్లు విడుచుటకు ముందు కొడుకును సముద్రపుష్పపు తంతువులలోనికి బయటికి పలుమార్లు తిరుగుమనును. చూచువారికి అది హాస్యము. కాని దాని మూలము సత్యము. ఆ తంతువులనిండ దంశకణములు ఉన్నవి. తగిలిన చిన్నచేప చచ్చును. క్లౌన్ చేపను కాపాడునది దాని ఒంటిమీది శ్లేష్మము. కొత్త పుష్పమును చేరునపుడు అది మొదట తోకతో, పిదప పొట్టతో తాకి తాకి, మెల్లగా అలవాటు చేసికొనును. ఈ స్నేహమును 1868లోనే కాలింగ్‌వుడ్ అను ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు బోర్నియో తీరమునుండి లోకమునకు తెలిపినాడు. సుమారు ముప్పది జాతుల క్లౌన్ చేపలకు ఆశ్రయమిచ్చు సముద్రపుష్పములు పది జాతులు మాత్రమే. చేప చెల్లించు అద్దెయు తక్కువది కాదు. తంతువులను కొరుక వచ్చు చేపలను తరుమును. దాని విసర్జనలోని అమ్మోనియా పుష్పపు దేహములో నివసించు సూక్ష్మ శైవలములకు ఎరువగును. రాత్రివేళ రెక్కలాడించి ప్రాణవాయువు గల నీటిని లోనికి త్రోయును.

గ్రుడ్లను కాచు తండ్రి కూడ కల్పన కాదు. మగచేపయే గ్రుడ్లకు రెక్కలతో విసరుచు, చెడినవానిని ఏరివేయుచు, పొదుగువరకు కాపలా ఉండును. మన చెరువులలోని కొర్రమీను జంట ఎర్రని పిల్లల గుంపును వెంటబెట్టుకొని తిరుగుట చూచినవారికి ఇది వింతగా తోచదు.

ఇక కల్పన సంగతి. క్లౌన్ చేపల గుంపులో అన్నిటికంటె పెద్దది ఆడుది, తరువాతిది మగది, మిగిలినవి యౌవనమునకు రానివి. ఆడుది చచ్చినచో మగది ఆడుదిగా మారును. క్రిందివానిలో పెద్దది మగదగును. కనుక భార్యను పోగొట్టుకొన్న మార్లిన్ కొంతకాలమునకు తల్లి కావలసినవాడు. మా పిల్లవాడు "నాయిన" అని చూపిన పెద్దచేపయు ఆడుదే అయి యుండవచ్చును. కథ నడువదని నిర్మాతలు దీనిని వదలినారు కాబోలు. నేను పెద్దగా తప్పుపట్టను.

నాకు అభ్యంతరము తొట్టి ఘట్టములపైన. సిడ్నీలోని దంతవైద్యుని తొట్టిలో నీమో వడపోత యంత్రమునకు గులకరాయి అడ్డము పెట్టును. గాజు పాచిపట్టి పచ్చనగును. చేపలు మాత్రము హాయిగా మాటలాడుకొనుచుండును. నిజమునకు నీరు పచ్చనగుటకు ముందే ప్రమాదము ముంచుకొని వచ్చును. వడపోతలో నివసించు బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగాను, దానిని నైట్రేటుగాను మార్చును. నీటి ప్రవాహము ఆగినచో ప్రాణవాయువు తగ్గును, విషము పెరుగును. భూపాలపల్లి వద్ద చెల్పూరులో విద్యుత్కేంద్రమే ఉన్నది. అయినను గాలివానకు తీగ తెగిన రాత్రి అక్కడి తొట్టికైనను గండమే.

అంతకంటె హాని చేయునది మురుగుతూము ఘట్టము. తూములో పడిన నీమో క్షేమముగా సముద్రము చేరును! సముద్రపు చేప ఒంటిలో ఉప్పు సముద్రములో కంటె తక్కువ. అందుచే నీరు బయటికి పోవుచుండును, అది ఎడతెగక నీరు త్రాగుచుండును. మంచినీటిలో ద్రవాభిసరణము తలక్రిందులై, నీరు ఒంటిలోనికి చొచ్చును. జాలిపడి మహబూబాబాదు పిల్లలెవరైన తమ నీమోను బయ్యారం చెరువులో విడిచినచో, కాకతి మైలమ శాసనము వేయించిన ఆ పుణ్యజలము దానిని కాపాడలేదు.

చిత్రము చూపనిది తొట్టి వెనుకనున్న చాకిరి. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణములు ఉండవలెను. మా జనగామ ప్రాంతపు బోరునీటిలో ఫ్లోరైడు పలుచోట్ల ఎక్కువ, నీరును కఠినము. కనుక ఆ నీటిని శుద్ధియంత్రములో వడగట్టిన పిదపనే సముద్రలవణము కలుపవలెను. వేడి 25, 27 డిగ్రీల నడుమ నిలువవలెను. మన వేసవి 40 దాటును. నీటిని చల్లబరచు యంత్రపు వెల తొట్టి వెలను మించినను ఆశ్చర్యము లేదు. సముద్రపుష్పమునకు ఇవియును చాలవు. దానిలోని శైవలములకు బలమైన వెలుతురు కావలెను. కొన్ని నెలలు కుదుటబడిన నీరు కావలెను. పైగా అది నడచును. నచ్చని చోటు విడిచి ప్రాకి, పంపులో చిక్కి నలిగిపోవుట కలదు. మా బంధువులకు తొట్టి, చేపలు, పుష్పము ఒకేరోజున అమ్మినవారు వీనిలో ఒక్కటియు చెప్పలేదు.

అయినను దోషమంతయు చిత్రముపై మోపుట న్యాయము కాదు. దీనికి కొనసాగింపుగా 2016లో వచ్చిన 'ఫైండింగ్ డోరీ' ప్రభావమును ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పరిశీలింపగా, ఆ చేపనుగూర్చి వెదకినవారు పెరిగినారు గాని, దిగుమతులు పెరిగినట్లు ఆధారము దొరకలేదు. మరియొక విశేషము: దంతవైద్యుని తొట్టిలో బొమ్మ అగ్నిపర్వతము ఉన్నది గాని సముద్రపుష్పము లేదు. నీమో అక్కడ బ్రదికినాడు. ఇది మాత్రము సరియే. శత్రువులు లేని తొట్టిలో క్లౌన్ చేపకు పుష్పముతో పని లేదు. 1947లో స్థాపితమైన మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ చేపలను హేచరీలో పెంచు విధానమును సాధించినది. సముద్రపుష్పములు మాత్రము అధికభాగము సముద్రమునుండి పెరికి తెచ్చినవే. దశాబ్దములు బ్రదుకగల జీవి మూడు వారములలో కరిగిపోవుట నేను కన్నులార చూచినాను.

పిల్లవాడు తొట్టిని మరల నింపుదమనుచున్నాడు. హేచరీ జంటను తెప్పింతము, పుష్పము వద్దు, ముందు ఆరు వారములు నీరు కుదుటబడనిమ్ము అని చెప్పినాను.

"ఆరు వారాలు ఉత్త నీళ్లే చూడాల్నా తాతా?" అన్నాడు.

చూడవలెనన్నాను.