వ్యాయామమూ, మార్కులూ: ‘స్పార్క్’ గ్రంథ పరిశీలన

ఆటలలో పడిన పిల్లవాడు చదువులో వెనుకబడునని తల్లిదండ్రులలో ఒక నమ్మకము కలదు. పదవ తరగతి పరీక్షలు దగ్గరపడిన కొలది డ్రిల్లు పీరియడు గణితమునకు పోవుట ఈ నమ్మకపు ఫలమే. దీనిని పూర్తిగా ఎదిరించిన గ్రంథము ‘స్పార్క్’. హార్వర్డు వైద్యకళాశాలకు చెందిన మనోవైద్యుడు జాన్ రాటీ, ఎరిక్ హేగర్మన్ సహకారముతో దీనిని 2008లో ప్రకటించెను. వ్యాయామము మెదడును చదువుకు సిద్ధపరచునని ఇందలి వాదము. ఉపాధ్యాయులు చదువదగిన గ్రంథమే. కాని ఇందలి మాటలన్నియు ఒకే బరువు గలవి కావు.

గ్రంథమున మొదటి ప్రకరణము చికాగో సమీపమునగల నేపర్‌విల్ పాఠశాలలను గూర్చినది. 1999లో జరిగిన అంతర్జాతీయ పరీక్షలో ఆ ఊరి ఎనిమిదవ తరగతి విద్యార్థులు విజ్ఞానశాస్త్రమున మొదటి స్థానమును, గణితమున ఆరవ స్థానమును పొందిరి. అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు ఫిల్ లాలర్, పరుగు వేగమునకు గాక గుండె పడిన శ్రమకు మార్కులు వేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. వేగముగా పరుగెత్తలేని ఒక బాలిక గుండె నిమిషమునకు సగటున 187 సార్లు కొట్టుకొనినదని యంత్రము చూపగా, ఆమె సోమరి కాదని ఆయనకు తెలిసినది. శ్రమించునపుడు బి.డి.ఎన్.ఎఫ్. అను ప్రోటీను హెచ్చి నాడీకణములను పోషించునని గ్రంథకర్త వివరించెను. ఈ భాగము సుబోధముగా నున్నది.

లోపము నిదర్శనములలో నున్నది. నేపర్‌విల్ సంపన్నుల ఊరు. చదువుకొన్న తల్లిదండ్రులు, మంచి తిండి, మంచి పాఠశాలలు అచ్చట ముందే కలవు. ఈ ఆక్షేపణను గ్రంథకర్తయే ఊహించి, పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ అను పేద పట్టణమును ఉదాహరించెను. కాని పోల్చుటకు తగిన రెండవ వర్గమును చూపలేదు. వేకువనే వచ్చి వ్యాయామము చేసిన పిల్లలు పఠనమున 17 శాతము, తక్కినవారు 10.7 శాతము పురోగమించిరని మరియొక నిదర్శనము. అయితే ఆ తక్కినవారు ఉదయము నిద్రనే కోరుకొన్నవారు. వేకువ లేచి వచ్చు పట్టుదల గల పిల్లవాడు చదువులోను ఆ పట్టుదల చూపడా? ఫలము వ్యాయామమునదో, పట్టుదలదో ఈ అంకెలు తేల్చలేవు.

తరువాతి పరిశోధనలు ఈ విషయమును కొంత సరిదిద్దినవి. 1950–1976 మధ్య జన్మించిన సుమారు 12 లక్షల స్వీడను పురుషుల సైనిక పరీక్షల లెక్కలు 2009లో వెలువడినవి. 18వ ఏట గుండె, ఊపిరితిత్తుల సత్తువ గలవారికి బుద్ధిపరీక్షలలో మంచి మార్కులు వచ్చినవి. కండబలమునకు అంతటి సంబంధము కానరాలేదు. ఇదియును సంబంధమే గాని కారణము కాదు. నార్వేలో 57 పాఠశాలల పదేండ్ల పిల్లలను రెండు వర్గములుగా విభజించి పరీక్షింపగా, మొత్తముమీద మార్కులలో భేదము కనబడలేదు. గణితమున మిక్కిలి వెనుకబడినవారు మాత్రము లాభపడిరి.

ఈ వివేచన పోలవరము వంటి చోట మరింత అవసరము. గోదావరి కొండలను దాటి మైదానమున ప్రవేశించు ఆ ప్రాంతపు బడులలో కొండరెడ్డి, కోయ పిల్లలును, ప్రాజెక్టు కారణమున పునరావాస కాలనీలకు తరలివచ్చిన కుటుంబముల పిల్లలును కలరు. ఖేలో ఇండియా పరీక్షలలోని 600 మీటర్ల పరుగును వీరికి పెట్టి, ఆ వేగమును మార్కులతో పోల్చినచో రెంటికిని సంబంధము కనబడవచ్చును. కాని కొలిచినది వ్యాయామమునేనా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15–19 ఏండ్ల బాలికలలో సగమునకు పైగా రక్తహీనులు. రక్తమున హిమోగ్లోబిన్ తగ్గినచో కండరములకు చాలినంత ప్రాణవాయువు అందక కాలు సాగదు. ఇనుము లోపించినచో పాఠముపై మనసు నిలువదు. పరుగున వెనుకబడిన ఆ బాలికకు ముందు కావలసినది ఇనుము మాత్ర, పప్పు, ఆకుకూర. మరి రెండు చుట్ల పరుగు కాదు. ‘స్పార్క్’ ఈ సంగతిని స్పృశింపనే లేదు. చాలినంత తిండిగల బిడ్డలనే అది దృష్టియందుంచుకొన్నది.

అంతమాత్రమున గ్రంథము నిష్ప్రయోజనమనరాదు. వ్యాయామమునకు సమయమిచ్చినందున మార్కులు తగ్గవని అనేక పరిశీలనలలో తేలినది. కనుక డ్రిల్లు పీరియడును గణితమునకు అప్పగించుటకు శాస్త్రాధారము లేదు. 5–17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో నిర్దేశించినది. లాలర్ పద్ధతికి యంత్రమే అక్కరలేదు. పరుగు ముగిసిన వెంటనే మణికట్టు నాడిని 15 సెకన్లు లెక్కించి నాలుగింతలు చేసిన చాలును. ఆ లెక్కలో గుణకారమును, శరీరధర్మ శాస్త్రమును కూడ పాఠమగును.

వ్యాయామమును మార్కులు పెంచు మందుగా అమ్మజూచుట ఈ గ్రంథపు బలహీనత. మార్కులు పెరుగనిచో ఆ మందును పారవేయుదురు. పిల్లవానికి ఆట అతని ఆరోగ్యము కొరకే కావలెను; మార్కులు వచ్చిన అది అదనపు లాభము. ఈ ఒక్క సవరణతో చదివినచో ‘స్పార్క్’ మన ఉపాధ్యాయులకు ఉపకరించును.