అచ్చయిన బొమ్మ, అచ్చమైన బొమ్మ

ఒక చిత్రకారుడి పేరు అందమైన అమ్మాయికి మారుపేరైపోవడం చాలా భాషల్లో జరగదు. తెలుగులో జరిగింది. 'బాపు బొమ్మలా ఉంది' అంటే ఎవరికీ వివరించక్కర్లేదు. మరి మనలో ఎంతమంది బాపు బొమ్మను చూశారు? వారపత్రికలో, పుస్తకం అట్ట మీద, శుభలేఖ మీద, క్యాలెండర్లో చూసినవాటి సంగతి కాదు నేనడుగుతున్నది. ఇండియన్ ఇంక్ ఆరిన ఆ కాగితాన్ని, పెన్సిల్ గీత ఇంకా పూర్తిగా చెరగని ఆ అట్టముక్కను ఎవరైనా చూశారా? ఈ ప్రశ్న నా స్నేహితుల్లో ఎవరిని అడిగినా ముందు నవ్వుతారు, తర్వాత కాస్త ఆలోచిస్తారు. అలాంటిది ఒకటి ఉండి ఉంటుందన్న ఆలోచనే వాళ్లకెప్పుడూ రాలేదు.

ఈ వ్యాసం ఆ కాగితాల గురించి, వాటి ధర గురించి. సాహిత్యం మాట్లాడుకునే చోట ధరల ప్రసక్తి కొంచెం మొరటుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక సమాజం దేన్ని దాచుకుంటుందో, దేన్ని తూకానికి అమ్ముకుంటుందో చూస్తే, అది దేన్ని రచనగా ఒప్పుకుంటుందో తెలిసిపోతుంది. అందుకే ఇది విమర్శకి సంబంధించిన విషయమే అనుకుంటున్నాను.

మడతపెట్టిన కాగితం

ముందు బయటి ప్రపంచం సంగతి. 1936లో హెర్జె తన టిన్‌టిన్ పుస్తకం 'ది బ్లూ లోటస్' కోసం ఒక ముఖచిత్రం గీశాడు. అన్ని రంగులతో అచ్చు వేయాలంటే ఖర్చెక్కువని అది పక్కన పెట్టేశారు. హెర్జె దాన్ని ప్రచురణకర్త కొడుక్కి, ఏడేళ్ల పిల్లాడికి, ఇచ్చేశాడట. ఆ పిల్లాడు మడతలు పెట్టి సొరుగులో పడేశాడు. 2021 జనవరిలో పారిస్‌లో వేలం వేస్తే అదే కాగితం సుమారు 31.7 లక్షల యూరోలు పలికింది. మడతల గీతలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి.

ఇంకొకటి. 1984 నాటి మార్వెల్ 'సీక్రెట్ వార్స్' ఎనిమిదో సంచికలో ఒక పేజీ, మైక్ జెక్ గీసింది. 2022 జనవరిలో అమెరికాలో 33.6 లక్షల డాలర్లకు పోయింది. ఆ పేజీలో గొప్ప డ్రాయింగేమీ లేదు. స్పైడర్‌మ్యాన్‌కి నల్ల దుస్తులు ఎలా వచ్చాయో చెప్పే పేజీ అది, అంతే. అంటే అక్కడ డబ్బు పెట్టింది గీతకి కాదు, కథలో ఆ ఘట్టానికి.

ఈ రెండూ వినగానే మనవాళ్లు 'వాళ్లకి డబ్బులెక్కువ' అనేస్తారు. నిజానికి అమెరికాలో కూడా ఈ కాగితాలు ఒకప్పుడు చెత్తే. డీసీ కామిక్స్ ఆఫీసులో పని అయిపోయిన ఒరిజినల్స్‌ని ముక్కలు చేసి పారేసేవాళ్లు. మార్వెల్‌కి పదివేల పైచిలుకు పేజీలు గీసిన జాక్ కర్బీకి 1980ల్లో ఆ కంపెనీ మొదట 88 పేజీలు తిరిగిస్తానంది, అదీ ప్రత్యేకంగా తయారుచేసిన షరతుల కాగితం మీద సంతకం పెడితేనే. తోటి కళాకారులు, పాఠకులు గోల చేశాక, 1987లో దాదాపు 1,900 పేజీలు ఆయన చేతికొచ్చాయి. పేజీకింతని కూలి ఇచ్చాం కాబట్టి కాగితం మాదే అన్నది కంపెనీ లెక్క. గీసింది నేను కదా అన్నది ఆయన లెక్క. అంత పోరు జరిగాకే ఆ కాగితాన్ని రచనగా చూడటం అలవాటైంది, దాని వెనకే ధర వచ్చింది.

మన కాగితాలు ఏవి?

ఇప్పుడు మన సంగతి. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ' మొదలుపెట్టారు. తర్వాత అది పన్నెండుకి పైగా భాషల్లోకి వెళ్లింది. కథ మారేది భాషలో, బొమ్మ అదే. ఒక్క ఒరిజినల్ బొమ్మ తెలుగు పిల్లాడికీ, ఒరియా పిల్లాడికీ, మరాఠీ పిల్లాడికీ ఒకే నెలలో చేరేది. ఎం.టి.వి. ఆచార్య మహాభారతం ముఖచిత్రాలు, 'చిత్రా' పేరుతో టి.వి. రాఘవన్ గీసినవి, 1952లో చేరి సుమారు ఆరు దశాబ్దాలు గీసిన శంకర్ బొమ్మలు, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు... ఇంత విస్తారంగా జనంలోకి వెళ్లిన బొమ్మలు మన దేశంలో రవివర్మ తర్వాత అరుదు.

రవివర్మ పేరు ఊరికే తేలేదు. ఆయన 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాక, మన ఇళ్లలో దేవుడి గూళ్లలోకి వచ్చినవి ఆ అచ్చు బొమ్మలే. ఇవాళ ఆ పాత అచ్చుప్రతికీ, అసలు తైలవర్ణ చిత్రానికీ ధరలో పోలికే లేదు. ఆయన 'యశోదాకృష్ణులు' చిత్రం 2023లో ముంబయి వేలంలో 38 కోట్లు పలికింది. ఎందుకంటే రవివర్మ అసలు చిత్రాలు రాజాస్థానాల్లో గోడలకెక్కాయి. ఏది ఎవరి దగ్గర ఉందో రాసి ఉంది. పత్రిక బొమ్మకి ఆ యోగం లేదు. దాన్ని గీయించింది గోడ కోసం కాదు, బ్లాకు కోసం. ఫొటో తీసి, జింకు బ్లాకు చేయించి, పేజీ అచ్చయిపోయాక ఇక దానితో పనిలేదు. వడ్రంగి పని అయ్యాక మిగిలిన రంపపు పొట్టులాంటిది.

చందమామ 2007లో జియోడెసిక్ చేతికెళ్లింది, కొన్నేళ్లకే ఆగిపోయింది. అప్పటినుంచీ మనం చేసుకున్నదల్లా పాత సంచికల్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌లు పెట్టుకోవడం. అది గొప్ప పనే, చేసినవాళ్లకి దణ్ణం. కానీ అది దాచింది అచ్చయిన బొమ్మని. అచ్చమైనదాన్ని కాదు.

మన కామిక్స్ చరిత్రలో ఇంకో పేరు బుజ్జాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి సుబ్బరాయశాస్త్రి. 'డుంబు' ఆయనదే. 1960ల్లో 'ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా'లో పంచతంత్రాన్ని బొమ్మల కథగా వేశారు. అమర్ చిత్ర కథ 1967లో మొదలైంది కదా, దానికంటే ముందే దేశమంతా చదివే పత్రికలో ఒక తెలుగువాడు భారతీయ కథని కామిక్‌గా చెప్పాడన్నమాట. 2022 జనవరిలో ఆయన పోయినప్పుడు వచ్చిన నివాళుల్లో ఎక్కువభాగం తండ్రి గురించే. ఆ పేజీల్లో గళ్లు ఎలా కట్టారు, కంటిని ఎటునుంచి ఎటు నడిపించారు అన్న చర్చ నాకు కనపడలేదు.

సోర్స్ కోడ్ ఎందుకు?

మా ఆఫీసులో ఒక మిత్రుడి వాదన: 'కామిక్ అంటే అచ్చయినదే అసలు రచన. గీసినవాడు గీసిందే అచ్చు కోసం. ప్రోగ్రాం నడుస్తుంటే చాలు కదా, సోర్స్ కోడ్ నీకెందుకు?' ఇందులో నిజముంది. అమెరికన్ కామిక్స్‌లో చాలా ఒరిజినల్ పేజీలు నలుపు తెలుపే. రంగులు వేరేవాళ్లు, వేరే కాగితం మీద వేసేవాళ్లు. పాఠకుడు ప్రేమించిన ఆ ఎర్రరంగు ఒరిజినల్లో ఉండనే ఉండదు. కాబట్టి ఒరిజినల్ ఎప్పుడూ అచ్చుకంటే గొప్పదని నేననను. వడ్డాది పాపయ్య దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. ఆయన నీటిరంగుల్లో ఒక రంగు ఇంకో రంగులోకి జారే చోటుంటుంది చూడండి, అదే ఆయన బలం. ఆనాటి చుక్కల అచ్చులో మొదట పోయేదీ అదే. వ.పా. విషయంలో మనం ఇష్టపడింది నీడనే.

అయితే సోర్స్ కోడ్ చదివితే తెలిసేది వేరే ఉంది. ఏం రాశారన్నది ప్రోగ్రాం చెబుతుంది, ఏం రాసి కొట్టేశారన్నది కోడ్ చరిత్రలో ఉంటుంది. నా దగ్గర ఒకే ఒక్క ఒరిజినల్ ఉంది. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో పాతకాగితాల కొట్లో దొరికింది. ఏదో వారపత్రిక సీరియల్‌కి వేసిన బొమ్మ, సంతకం లేదు. 'ఏంది సార్, గీసి పారేసిన కాయితానికి కూడా డబ్బులిస్తారా?' అని కొట్టాయన ఆశ్చర్యపోయి, ఐదొందలు తీసుకున్నాడు. ఒక మగవాడు కుర్చీలో, ఒకామె గుమ్మం దగ్గర. వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే తెల్లరంగు కింద ఆమె మొహం ఇంకోటి కనిపిస్తుంది. మొదట అతనివైపు చూస్తూ గీశాడు. తర్వాత తెల్లరంగు పూసి, గుమ్మంవైపు తిప్పేశాడు. వెనకాల ఎర్ర పెన్సిల్‌తో 'అర్జెంట్' అని రాసుంది. అర్జెంటు పనిలో కూడా ఆయన ఆగి, ఈమె వెళ్లిపోయే మనిషి అని నిర్ణయించుకున్నాడు. ఆ సీరియల్ పాఠకులెవరికీ ఈ సంగతి తెలిసుండదు. రచయిత రాతప్రతిలో కొట్టివేతలు చూసి మనం ఎంత మురిసిపోతాం! ఇదీ అదే కదా.

ఇంకో సంగతి, చిత్రకారులు అచ్చయ్యే కొలతకంటే పెద్దగా గీస్తారు. అమెరికాలో 1967 ప్రాంతం దాకా రెట్టింపు కొలతలో గీసేవారు, తర్వాత సుమారు 10 అంగుళాలకు 15 అంగుళాలకి తగ్గించారు. కుదించినప్పుడు గీత బిగుస్తుంది, చేతి వణుకు మాయమవుతుంది. అంటే మనం 'ఎంత ఖచ్చితమైన గీత!' అని మెచ్చుకునేదాంట్లో కొంత కెమెరా లెన్సుది. ఎంత భాగం చేతిది, ఎంత భాగం లెన్సుది అని తేల్చాలంటే ఒరిజినల్ ఉండాల్సిందే.

జ్ఞాపకానికి గడువు

ధర ఎందుకు పెరుగుతుంది? ఒక మామూలు సమాధానం జ్ఞాపకం. పదేళ్లప్పుడు చదివినవాడు నలభై ఐదేళ్లప్పుడు జీతం బాగా వస్తుంటే కొంటాడు. ముప్పై ఐదేళ్ల వాయిదా. 1984 నాటి పేజీ 2022లో అంత పలకడంలో ఈ లెక్క కూడా ఉంది. కానీ ఈ లెక్కకి రెండో కొస కూడా ఉంది. ఆ తరం వెళ్లిపోయాక ఎవరు కొంటారు?

దీనికి జవాబు జార్జ్ హెరిమన్ 'క్రేజీ క్యాట్'. హెరిమన్ 1944లోనే పోయాడు, దాన్ని రోజూ పేపర్లో చదివినవాళ్లూ దాదాపు మిగల్లేదు. అయినా ఆ ఒరిజినల్స్‌ని ఇప్పటికీ వెతుక్కుని కొంటారు. కారణం, 1924లోనే గిల్బర్ట్ సెల్డెస్ అనే విమర్శకుడు దాన్ని గొప్ప కళగా వాదిస్తూ తన పుస్తకంలో ఒక అధ్యాయమే రాశాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు రాశారు. పాఠకుడి జ్ఞాపకం ఆగిపోయిన చోట విమర్శ అందుకుంది. 1950ల ఈసీ కామిక్స్ కూడా అంతే. ఆ సంస్థ యజమాని విలియం గెయిన్స్ దాదాపు ప్రతి ఒరిజినల్నీ దాచాడు కాబట్టి, వాటి గురించి గీత గీతనీ పట్టుకుని రాయడం కుదిరింది. 2010 నుంచి ఐడీడబ్ల్యూ అనే ప్రచురణ సంస్థ 'ఆర్టిస్ట్స్ ఎడిషన్' పేరుతో ఒరిజినల్స్‌ని అదే కొలతలో, పెన్సిల్ గీతలూ తెల్లరంగు మచ్చలూ కనపడేలా అచ్చువేస్తోంది. లక్షలు పెట్టి కొనలేని విద్యార్థి కూడా ఇప్పుడు చూసి నేర్చుకోగలడు.

మా తరం, 1990ల్లో చందమామ చదివిన తరం, బహుశా దాన్ని నెలనెలా ఎదురుచూసిన చివరి తరం. మా జ్ఞాపకానికి ఇంకో ఇరవై ముప్పై ఏళ్లు గడువుంది. శంకర్ గీసిన విక్రమార్కుడు, భుజమ్మీద శవం, చేతిలో కత్తి... అది చూడగానే మా లోపల ఏదో కదులుతుంది. మా పిల్లలకి కదలదు. ఆ బొమ్మలో భుజం వంపుకీ, శవం బరువుకీ, నడుస్తున్న కాలికీ ఉన్న లెక్క వాళ్లకి చూపించగలిగితే అప్పుడు కదలొచ్చు. ఆ చూపించే పనిని విమర్శ అంటాం.

చట్టం, చెదలు, చీటీ

మన కాపీరైటు చట్టంలో 53ఏ అని ఒక సెక్షనుంది. చిత్రకారుడి ఒరిజినల్ మళ్లీ అమ్ముడై ధర పదివేల రూపాయలు దాటితే, గీసినవారికో వారసులకో అందులో వాటా రావాలి, పది శాతానికి మించకుండా. వాళ్లు ఆ రచనకి తొలి హక్కుదారులై ఉండాలి. ఉద్యోగంలో ఉండి గీసినా, వేరే ఒప్పందం లేకపోతే పత్రికలో ప్రచురణ హక్కు వరకే యజమానిది, మిగతా కాపీరైటు కళాకారుడిది అని 17వ సెక్షన్ చెబుతుంది. కాగితం ఎవరిదన్నది మళ్లీ వేరే ప్రశ్న. బిల్లు లేకుండా, చేతులు మారుతూ అమ్ముడైతే ఇవన్నీ పుస్తకంలోనే ఉండిపోతాయి.

చట్టంకంటే ముందు వాతావరణం. మా వైపు మైపాడు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఇనప గ్రిల్లే నిలవదు, ఇక కాగితమెంత? ఆమ్లం లేని కవరు, చెక్కపెట్టెకి దూరంగా, గోడకి ఆనకుండా... ఐదొందల బొమ్మకి నేను రెండువేలు ఖర్చుపెట్టాను. మా ఇంట్లోవాళ్లు అదొక పిచ్చి అనుకుంటున్నారు, అనుకోనివ్వండి.

అన్నిటికంటే చవకైన పని చీటీ. ఏ కథ, ఏ సంచిక, ఏ పేజీ, ఎవరి చేతిది, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది. వేలంశాలలు కోట్లు కట్టేది ఈ ఐదు ముక్కలు నమ్మే. సీపీ బ్రౌన్ తాటాకులు కొని, పండితులతో పాఠాలు పోల్చిచూపించి, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. ఆయన సేకరించింది అందమైన తాటాకుల్ని కాదు, పోల్చిచూడగలిగిన తాటాకుల్ని. అందుకే మనకి ఇవాళ వేమన మీద విమర్శ సాధ్యమైంది.

చిత్రకారుల ఇళ్లలో అటకల మీద ఇంకా కట్టలుండొచ్చు. మీ బంధువుల్లోనో, వీధిలోనో ఒకప్పుడు పత్రికలకి బొమ్మలేసిన పెద్దాయన ఉంటే ఒకసారి వెళ్లి అడగండి. కొనక్కర్లేదు. ఫోన్‌తో ఫొటో తీసి, ఆ ఐదు ముక్కలూ రాసిపెట్టండి. ధర వచ్చినప్పుడు వస్తుంది. ముందు ఆ బొమ్మ గురించి ఒక వాక్యం రాయగలిగే స్థితికి మనం రావాలి.