బట్ట మీద అచ్చేసిన లోకాంతం

విలియం మిల్లర్ న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రైతు. క్రీస్తు రెండో రాకడ 1843 ప్రాంతంలోనే అని బైబిలు లెక్కలు కట్టి ఊరూరా చెప్పాడు. ఆయన అనుచరుల పత్రికలు, కరపత్రాలు లక్షల్లో అచ్చయ్యాయి. వాటన్నిటిలో పనితనం చూడాలంటే మాత్రం 1842లో చార్లెస్ ఫిచ్, అపోలోస్ హేల్ అనే బోధకులు తయారుచేసిన పటం చూడాలి. ఆ మే నెలలో బోస్టన్ సభ దాన్ని చూసిన వెంటనే 300 ప్రతులు వేయించమంది. బట్ట మీద లితో అచ్చు. మడిచి సంచిలో వేసుకుని వెళ్లి, ఏ డేరాలోనైనా వేలాడదీయవచ్చు.

ఎడమవైపు దానియేలు గ్రంథంలోని ప్రతిమ నిలబడి ఉంటుంది. బంగారు తల బబులోను, వెండి రొమ్ము మాదీయ పారశీకులు, ఇత్తడి పొట్ట గ్రీసు, ఇనుప కాళ్లు రోము. చూపు పైనుంచి కిందికి జారుతుంటే రాజ్యాలు ఒక్కొక్కటే గడిచిపోతాయి. ఇనుమూ మట్టీ కలిసిన పాదాల దగ్గర ఆగేసరికి, మనం ఉన్నది ఇక్కడే కదా అని చూసేవాడికే తడుతుంది. బోధకుడు నోరు విప్పక ముందే సగం పని అయిపోయింది! మిగతా చోటంతా మృగాలు: రెక్కల సింహం, పక్కటెముకలు కరిచిన ఎలుగుబంటి, నాలుగు తలల చిరుతపులి.

అసలు నేర్పు అంకెల్లో ఉంది. ప్రవచనంలో దినమంటే సంవత్సరమన్నది వాళ్ల సూత్రం. ప్రవచనంలోని 2300 దినాల్లోంచి క్రీ.పూ. 457 తీసేస్తే 1843. 2520లోంచి క్రీ.పూ. 677 తీసేసినా 1843. 508కి 1335 కలిపినా అదే. బడిపిల్లల పలక మీది లెక్కల్లా ఎవరైనా సరిచూసుకోగలిగేలా పేర్చారు. వీటికి తోడు 538కి 1260 కలిపి 1798 తేల్చారు. ఫ్రెంచి సేనలు రోములో దిగి పోప్ ఆరవ పయస్‌ను బందీగా పట్టుకుపోయిన సంవత్సరం అది. సభలో కూర్చున్న ముసలివాళ్లకు గుర్తున్న వార్త. రాజకీయాన్ని ప్రవచనానికి ముడివేయడంలో ఇంత ఒడుపు అరుదు.

ఫిచ్ బానిసత్వాన్ని ఖండిస్తూ 1837లో పుస్తకం రాసినవాడు. అయినా అమెరికాకు ఇందులో విడిగా మృగమేదీ వేయలేదు. ప్రకటన గ్రంథంలోని రెండు కొమ్ముల మృగం అమెరికాయేనని ఈ ఉద్యమం నుంచి చీలిన సబ్బాతు అడ్వెంటిస్టులు తర్వాత అన్నారు.

క్రీస్తుపూర్వానికీ క్రీస్తుశకానికీ నడుమ సున్నా సంవత్సరం లేదన్న సంగతి ఆ తీసివేతల్లో జారిపోయింది. దాన్ని సరిచేసి 1844 అన్నారు, అక్టోబరు 22 అని తేదీ కూడా పెట్టారు. ఫిచ్ దానికి ఎనిమిది రోజుల ముందే జ్వరంతో చనిపోయాడు. ఆ తేదీ కూడా గడిచిపోయాక, సబ్బాతు అడ్వెంటిస్టుల కోసం ఒటిస్ నికల్స్ లెక్క మార్చి కొత్త పటం వేశాడు. అందులో వివరణలు ఎక్కువ, నా కంటికి బొమ్మలు ఇరుకు. ఫిచ్ పటాన్ని దూరం నుంచి చూసినా అర్థమవుతుంది; నికల్స్ పటాన్ని దగ్గరికెళ్లి చదువుకోవాలి.