హన్నా పైబట్ట

అమ్మ పోయాక వచ్చిన మొదటి క్రిస్మస్‌కి అన్నయ్య ఫోన్ చేశాడు. "అరిసెలు మానొద్దే. అమ్మ ఆనవాయితీ పోనివ్వకూడదు" అన్నాడు. ఆ ఆనవాయితీలో అతని చెయ్యి ఏనాడూ పడలేదు. ఇంటిముందు వెదురుకర్రకి కాయితం నక్షత్రం కట్టడం మగపిల్లల పని. సున్నాలు, పిండివంటలు, పండగనాటి పలావు, మాంసం కూర మాత్రం అమ్మవి. ఇప్పుడవి నావట!

ఆ రాత్రి లూయిసా మే ఆల్కాట్ 'లిటిల్ విమెన్' నవల (1868) మళ్ళీ తీశాను. కానుకల్లేని క్రిస్మస్‌తో మొదలయ్యే ఆ నవల చిన్నప్పుడు నాకు ప్రాణం. పండగ పొద్దున మార్చ్ కుటుంబంలోని నలుగురు అక్కచెల్లెళ్ళు తమ ఫలహారం పట్టుకెళ్ళి, నిప్పులేని కొంపలో చలికి వణికిపోతున్న హమ్మెల్ కుటుంబానికి పెడతారు. ఆ పిల్లలు వీళ్ళని దేవదూతలంటారు. త్యాగం నేర్పే పాఠంగానే ఈ ఘట్టాన్ని మనకి చెప్తూ వచ్చారు. నేనూ క్లాసులో అలాగే చెప్పాను.

ఈసారి హన్నా కనబడింది. హన్నా ఆ ఇంటి పనిమనిషి. కట్టెలు మోసుకొచ్చింది ఆమె. నిప్పు రాజేసింది ఆమె. పగిలిన కిటికీ అద్దాల్లో పాత టోపీలతో పాటు తను కప్పుకున్న పైబట్ట కూడా కుక్కింది. అమ్మాయిలు ఇచ్చింది ఒకపూట తిండి. హన్నా ఆ చలిలో ఒంటిమీద బట్టే ఇచ్చింది. ఆమెకి దక్కింది మాత్రం ఒక్క వాక్యం. సాయంత్రం పక్కింటి ముసలాయన విందు పంపడానికి కారణం కూడా హన్నాయే. పొద్దుటి సంగతి ఆయన పనివాళ్ళలో ఒకరికి చెప్పింది ఆమే.

ఆల్కాట్‌కి ఈ చాకిరీ తెలియనిది కాదు. పడుచుతనంలో తాను ఇంటిపనికి కుదిరి పడిన అవమానాల గురించి 1874లో రాసుకుంది. అయినా ఈ ఘట్టంలో కథంతా అమ్మాయిల మంచితనం చుట్టూనే తిప్పింది. అది ఆమె పరిమితి. ఉన్న ఆ ఒక్క వాక్యాన్నీ దాటేసి చదివింది మాత్రం మనం.

లూకా సువార్తలో తప్పిపోయిన కుమారుడి ఉపమానం కూడా ఇలాంటిదే. తండ్రి ఉన్నాడు, ఇద్దరు కొడుకులున్నారు, కొవ్విన దూడతో విందు ఉంది. తల్లి మాటే లేదు. ఎం.ఎం. వినోదిని తన కథలో కుమారుడి స్థానంలో దళిత క్రైస్తవ కూతుర్ని నిలబెట్టడం అందుకే నాకంత విలువైన పనిగా తోస్తుంది.

ఇంతవరకూ రాసి అమ్మ చాకిరీ గురించి ఒక వ్యాసం తయారైందనుకున్నాను. తీరా బియ్యం నానబోశాక భయం పట్టుకుంది. తడిపిండి ఆరకముందే పాకంలో పడాలి. పాకం ముదిరితే అరిసె రాయి, లేతైతే నూనెలో విడిపోతుంది. ఆ పదును అమ్మకి తెలుసు. అమ్మ కాక ఇంకెవరికి తెలుసు? అప్పుడు గుర్తొచ్చింది, పేట చివరింటి పిన్ని. ప్రతి డిసెంబరులో పిండి దంచిందీ, పాకం చూసి దింపమన్నదీ ఆవిడే. అమ్మ టీచరు, పిన్ని కూలికెళ్ళే మనిషి. ఇద్దరిదీ ఒకే పేట, ఒకే చర్చి. చివర్లో ఆవిడ చేతిలో ఒక డబ్బా అరిసెలు పెట్టి పంపేవాళ్ళం. అందరం వాటిని 'అమ్మ అరిసెలు' అనే అన్నాం. హన్నాని పట్టించుకోలేదని ఆల్కాట్‌ని నిలదీసిన నేను, మా ఇంటి హన్నాని నలభై ఏళ్ళు చూడలేదు.

పిన్నిని బతిమాలి పిలుచుకొచ్చాను. పిండి మరలో ఆడించాం. ఆవిడ కుర్చీలో కూచుని పాకం చెప్పింది. కూలి ముందే మాట్లాడుకున్నాం. ఆవిడ మొహమాటపడింది, నేను పడలేదు. అన్నయ్య చేతికి అరిసెల చెక్కలిచ్చాను. పాతిక నొక్కేసరికి చేతులు లాగుతున్నాయన్నాడు. "మీ అమ్మకి రెండొందలయ్యేదాకా లాగేవి కావు కాబోలు" అంది పిన్ని. అన్నయ్య మళ్ళీ చెక్కలందుకున్నాడు.

వచ్చే ఏడాది నుంచి సగమే చేద్దామనుకున్నాం. ఆనవాయితీ తగ్గిపోతుందని కొందరు బంధువులు నొచ్చుకున్నారు. తగ్గనీ. ఆ సగంలో ఎవరి చేతులున్నాయో ఇప్పుడు మాకు తెలుసు.