కడలి అడుగున నల్లరేగడి

మంగళగిరి చుట్టుపక్కల పత్తి, మిరప వేసే రైతుకు మృగశిర కార్తె వచ్చిందంటే చూపంతా మబ్బు మీదే. వాతావరణ శాఖ పుట్టింది 1875లో. అంతకు ముందటి కరువులకు కైఫీయతులు, శాసనాలు తిరగెయ్యాలి. నాలుగు వేల ఏళ్ల కిందటి వానల సంగతికైతే సముద్రం అడుగు తవ్వాల్సిందే.

2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ, సముద్రం అడుగున గడ్డకట్టి ఉండే గ్యాస్ హైడ్రేట్ల కోసం మన తీరానికి వచ్చింది. గోదావరి సముద్రంలో కలిసే చోటుకు ఎదురుగా, 1,268 మీటర్ల లోతున గొట్టం దించి సుమారు 8.5 మీటర్ల బురద తీసింది. గ్యాస్ మాటెలా ఉన్నా, ఆ యాత్రలో దొరికిన అసలు నిధి ఆ బురదేనంటాను. దాదాపు 11 వేల ఏళ్లు అందులో పొరలుగా పేరుకుని ఉన్నాయి.

గొట్టాన్ని నిలువునా చీల్చి ఒక సగం దాచిపెడతారు. రెండో సగంలోంచి కొద్దికొద్దిగా మట్టి తీసి సన్న జల్లెడలో కడిగితే ఇసుక రేణువులంత పెంకులు మిగులుతాయి. అవి ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులవి. మైక్రోస్కోపు కింద తడి కుంచెతో ఒక్కొక్కటే ఏరాలి. ఎంత పెద్ద ప్రయోగశాలైనా ఈ విసుగు పని తప్పదు. కార్బన్-14తో పెంకు వయసు తేలుతుంది. పైనీళ్లలో బతికిన జాతి పెంకుల్లోని ఆక్సిజన్‌ను బట్టి, బంగాళాఖాతంలోకి నదుల మంచినీళ్లు ఎంత వచ్చాయో తెలుస్తుంది. అడుగున బతికిన వాటి కార్బన్‌లో, దక్షిణ మహాసముద్రం నుంచి ఇటు పాకే లోతునీటి జాడ దొరుకుతుంది. ఆకుల మీది మైనం కూడా నదిలో కొట్టుకొచ్చి బురదలో చెడకుండా ఉంటుంది. జొన్న, చెరకు లాంటి, ఎండకు ఓర్చే గడ్డిజాతుల మైనంలో బరువైన కార్బన్ పాలు ఎక్కువ. చెట్ల ఆకుల్లో తక్కువ.

ఆకుల మైనాన్నీ, పైనీటి పెంకుల ఆక్సిజన్‌నూ కలిపి చదివి కమిలో పాంటన్, లివియు జియోసాన్ బృందం 2012లో ఫలితాలు ప్రకటించింది. 4,000 ఏళ్ల కిందట మొదలై 1,700 ఏళ్ల కిందటి దాకా గోదావరి పరీవాహకంలో ఎండకు ఓర్చే మొక్కలు పెరుగుతూ వచ్చాయి. తర్వాత అవే స్థిరపడ్డాయి. గత 3,000 ఏళ్లలో సముద్రపు పైనీరు అంతకు ముందెన్నడూ లేనంత ఉప్పబారిన సందర్భాలూ ఉన్నాయి. వాన తగ్గింది, నది చిక్కింది.

వాన తగ్గితే నేల కోత కూడా తగ్గాలి కదా? తగ్గలేదు, పెరిగింది. జియోసాన్ బృందమే 2017లో ఈ సంగతి చూపింది. పచ్చదనం పలచబడ్డ నేల, పడిన కొద్ది వానకే కొట్టుకుపోయింది. మట్టి ఏ రాతి నుంచి పుట్టిందో పట్టిచ్చే నియోడైమియం పరీక్షలో దక్కను నల్లరాతి వాటా పెరిగినట్టు తేలింది. మట్టితో వచ్చిన కార్బన్ కూడా రానురాను పాతదైంది. అంటే పైపొరలు పోయి, కింది పాతనేల బయటపడిందన్నమాట. ఆ మీదట నవీన శిలాయుగపు సేద్యం, ఇనుము వచ్చాక అది విస్తరించడం కోతను మరింత పెంచాయి. నేరమంతా నాగలి మీదికి తోయడం తప్పు. మొదట తప్పుకున్నది వాన.

ఇదంతా గోదావరి లెక్క, మంగళగిరిది కృష్ణ. పైగా ఇలాంటి బురద పరీవాహకం మొత్తానికి సగటు చెబుతుందే గాని, ఒక ఊరి వాన చెప్పలేదు. అయితే కృష్ణ తెచ్చే ఒండ్రులోనూ ఆ దక్కను నల్లరాయే ఉంది. ఇప్పుడు దానిలో చాలా భాగం శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి జలాశయాల్లోనే ఆగిపోతోంది. కృష్ణ ముఖద్వారం ఎదుట మన కాలపు పొర పలచగానే పడుతుంది.