పాటల పెట్టెకు ఆటో స్టార్టర్

ఆంప్లిఫయర్‌ను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాలా, పాటలు విన్నాక ఆపేయాలా? మంచి సెట్లు కొన్నవాళ్లు నలుగురు కూడితే ఈ పంచాయితీ తెగదు. ఆపితే చల్లబడుతుంది, మళ్లీ వేడెక్కేదాకా గొంతు విప్పదని ఒకరంటారు. కరెంటు దండగ, సామాను అరుగుతుందని ఇంకొకరు. రెండు మాటల్లోనూ నిజముంది. కానీ ఈ వాదన కరెంటు పోవడమంటే తెలియని ఊళ్లలో పెరిగింది. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య తిరిగే మనం దాన్ని మన తీగల కింద నిలబెట్టి చూడాలి.

ఆపొద్దనేవాళ్ల బలం ఎక్కడుందో రిపేరు షాపులో కనబడుతుంది. తెలిసిన మెకానిక్ ఎవరూ పాత సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టరు. బల్ల మీద సీరీస్ బోర్డు, దానికి నూరు వాట్ల బుగ్గ ఉంటాయి. కరెంటు ఆ బుగ్గ దాటుకునే సెట్టులోకి పోతుంది. స్విచ్ వేయగానే బుగ్గ భగ్గున వెలిగి, అంతలోనే ఎర్రబారి, దాదాపు ఆరిపోతుంది. లోపలి ట్రాన్స్‌ఫార్మర్, ఖాళీగా ఉన్న కెపాసిటర్లు ఒక్క గుక్కలో లాగిన కరెంటే ఆ వెలుగు. ఆరకుండా అలాగే మండితే లోపల షార్టు ఉన్నట్టు లెక్క. నాకు ఆ బుగ్గను చూడటమంటే ఇష్టం. స్విచ్ వేసిన ప్రతిసారీ సామాను మీద ఎంత బరువు పడుతుందో అది కళ్లకు కట్టిస్తుంది. అందుకే సాయంత్రం పూట పాట పాటకూ ఆపి వేయడం కంటే, పడుకునేదాకా వేసి ఉంచడమే నయం.

ఇక వేడెక్కడం సంగతి. వాల్వు రేడియో గొంతు విప్పడానికి అర నిమిషం పట్టేది. ట్రాన్సిస్టర్ సెట్టు కుదురుకోవడానికి మహా అయితే అరగంట. దానికోసం రోజంతా మండించనక్కర్లేదు.

పైగా, ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో అనేసరికి లెక్క తిరగబడుతుంది. ఏడాదికి 8,760 గంటలు. వాల్వుల ఆయుష్షే కొన్ని వేల గంటలు. ట్రాన్సిస్టర్ సెట్టులో ముందు ముసలిదయ్యేది కెపాసిటర్. దాని మీద 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రాసి ఉందనుకుందాం. వేడి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు సుమారుగా రెట్టింపవుతుందన్నది ఇంజనీర్ల లెక్క. సెట్టు లోపల 65 డిగ్రీలుంటే 32,000 గంటలు. అంటే, ఆపకుండా నడిపితే నాలుగేళ్లు కూడా రాదు. రోజుకు నాలుగు గంటలు నడిపితే ఇరవై ఏళ్లు దాటుతుంది. మన ఎండాకాలంలో, చెక్క షోకేసులో, పైన జేబురుమాలు కప్పి పెట్టిన సెట్టు లోపల ఎంత ఉడుకుతుందో వేరే చెప్పాలా?

ఇక బిల్లు. పాట లేకపోయినా 40 వాట్లు తినే ఆంప్లిఫయర్ నెలంతా ఆన్‌లో ఉంటే దాదాపు 29 యూనిట్లు. రోజుకు నాలుగు గంటలైతే ఐదు యూనిట్లు కూడా కాదు. 2024లో 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి పథకం వచ్చాక, ఆ గీత దగ్గర ఉన్న ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. గీత దాటితే ఆ నెల జీరో బిల్లు పోయినట్టే. రిమోట్‌తో ఆపినంత మాత్రాన ఆగినట్టు కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఐరోపాలో 2013 నుంచి స్టాండ్‌బైలో ఉన్న సామాను అర వాటుకు మించి తినకూడదన్న నిబంధన ఉంది. గల్ఫ్ నుంచి మనవాళ్లు మోసుకొచ్చిన పాత డెక్కులకు ఆ నిబంధనలేవీ తెలియవు.

బిల్లు కన్నా పెద్ద సంగతి ఒకటుంది. బోర్ల మీద బతికే మన మండలాల్లో ఆటో స్టార్టర్ తెలియని రైతు లేడు. కరెంటు వంతుల వారీగా వచ్చే రోజుల్లో, అర్ధరాత్రి పురుగూ పుట్రా తొక్కుకుంటూ పోకుండా, కరెంటు రాగానే మోటారు తనంత తానే నడవాలని పెట్టుకున్నారు. దాంతో లైను మీది మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. వోల్టేజీ పడిపోయేది, ట్రాన్స్‌ఫార్మర్లు కాలేవి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారే ఊరూరా చెప్పింది. ఆన్‌లో వదిలేసిన ఆంప్లిఫయర్ కూడా ఆటో స్టార్టరే. కరెంటు వచ్చి, పోయి, మళ్లీ వచ్చే గాలివాన రాత్రి ఆ మొదటి దెబ్బలన్నీ అదే తింటుంది. ఆటో స్టార్టర్ పెట్టిన రైతుకు ఒక అవసరముండేది. మన సెట్టుకు అదీ లేదు.

న్యూట్రల్ తెగితే ఇంకా కష్టం. ఇంటికి ఒక ఫేజు, ఒక న్యూట్రల్ వస్తాయి. వాటి మధ్య 230 వోల్టులు. రెండు ఫేజుల మధ్య అయితే 400. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే, వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఆ 400ను పంచుకోవలసి వస్తుంది. ఎక్కువ సామాను నడిచే ఇంట్లో బుగ్గ మసకబారుతుంది. ఏదీ నడవని ఇంటికి ఎక్కువ వోల్టేజీ కొడుతుంది. అంటే అందరూ పడుకుని, ఒక్క సెట్టు మాత్రమే మేలుకున్న ఇంటికే ముప్పు ఎక్కువ. రెండు మూడు వందలకు దొరికే స్పైక్ బాక్సు దీన్ని ఆపలేదు. వోల్టేజీ హద్దు దాటితే తెంపేసి, కొద్దిసేపు ఆగి మళ్లీ ఇచ్చే స్టెబిలైజర్ కొంత ఆదుకుంటుంది. ఉరుము వినబడితే మాత్రం ప్లగ్గు పీకడమే మందు. డిష్ కేబుల్ సెట్టుకు కలిసి ఉంటే అదీ పీకాలి, పిడుగుకు ఆ దారీ తెలుసు. 2025 ఆగస్టు ఆఖరులో కామారెడ్డి కాలనీల్లోకి నీళ్లొచ్చినట్టు వస్తే, నేల మీది స్పీకర్ బాక్సుల సంగతి తర్వాత, ముందు మెయిన్ ఆపాలి.

అలాగని ఏళ్ల తరబడి మూలకు పడేయడమూ మంచిది కాదు. కొడుకులు హైదరాబాదులో, దుబాయిలో ఉండి తాళం పడ్డ ఇళ్లు ఎల్లారెడ్డి వైపు చాలా ఉన్నాయి. వాటిలోని సెట్లను పండక్కి వచ్చి నేరుగా ఆన్ చేస్తే పొగ లేవచ్చు. వాడకపోతే కెపాసిటర్ లోపలి సన్నని పొర పలచబడుతుంది. దానికి కరెంటును మెల్లమెల్లగా అలవాటు చేయాలి. అందుకూ మెకానిక్ దగ్గరి ఆ బుగ్గ బోర్డు పనికొస్తుంది. నెలకో రెండు నెలలకో ఒక గంట పాట వింటే ఆ తిప్పలుండవు.

నా ఇంట్లో పద్ధతి ఇది: సాయంత్రం స్విచ్ వేస్తే పడుకునేదాకా ఆపను. పడుకునే ముందు వాల్యూమ్ తగ్గించి, సెట్టు ఆపి, గోడ స్విచ్ ఆపుతాను. మళ్లీ వేసేటప్పుడూ వాల్యూమ్ కిందే ఉంటుంది. పాట మధ్యలో కరెంటు పోతే వెంటనే స్విచ్ ఆపి, వచ్చిన కరెంటు కాసేపు నిలకడగా ఉన్నాకే వేస్తాను. సెట్టు ఆన్‌లో ఉంచాలా అని ఎవరైనా అడిగితే, దాని బ్రాండు అడగను. దాని పక్కన మనిషి ఎవరైనా ఉంటారా అని అడుగుతాను.