'హంగర్ గేమ్స్' నవలలు - కిశోరపాఠకులు

పండ్రెండవయేడు మొదలు పదునెనిమిదవయేడు వరకు గల వయస్సు సాహిత్యమున తగిన చోటు దొరకని వయస్సు. ఆ పాఠకుడు బాలుడు కాడు, ప్రౌఢుడును కాడు. చందమామ కథలతో అతని ఆకలి తీరదు. పెద్దల నవలలు అతని చేతికిచ్చుటకు పెద్దలే జంకుదురు. ఈ సంధివయస్సు నుద్దేశించి గడచిన రెండు దశాబ్దములలో ఆంగ్లమున వెలువడిన రచనలలో, రాబోవు కాలపు క్రూరరాజ్యములను చిత్రించు డిస్టోపియా నవలలకు మిక్కిలి ప్రచారము లభించినది. అమెరికా రచయిత్రి సుజాన్ కాలిన్స్ వరుసగా 2008, 2009, 2010 సంవత్సరములలో ప్రకటించిన 'హంగర్ గేమ్స్', 'క్యాచింగ్ ఫైర్', 'మాకింగ్‌జే' అనునవి వానిలో ముఖ్యమైనవి. ఇవి పిల్లలకు తగునా యను సందేహము వీనితోపాటే పుట్టినది. అమెరికా గ్రంథాలయ సంఘము ఏటేట ప్రకటించు ఆక్షేపిత గ్రంథముల పట్టికలో ఇవి 2010, 2011, 2013 సంవత్సరములలో చోటుచేసుకొన్నవి. హింస మెండనియు, వయస్సునకు తగవనియు చేసిన ఆక్షేపణలు వానిలో ప్రధానములు.

కథావస్తువు నిజముగనే దారుణమైనది. పానెమ్ అను దేశమున కాపిటల్ అను రాజధాని, దానికి లోబడిన పండ్రెండు జిల్లాలు కలవు. పూర్వమొకప్పుడు తిరుగుబాటు చేసిన నేరమునకు శిక్షగా ప్రతిజిల్లా ఏటేట ఒక బాలుని, ఒక బాలికను చీట్లువేసి పంపవలెను. ఇరువదినలుగురు పిల్లలు ఒకరినొకరు చంపుకొనగా మిగిలిన ఒక్కరు విజేత. రాజధాని దానిని వేడుకగా తిలకించును. పేదబిడ్డ తన పేర మరియొక చీటీ వేయించుకొన్నచో ఒక మనిషికి ఏడాదికి సరిపడు ధాన్యము, నూనె లభించును. ఆ చీట్లు ఏటికేడు కూడుచుండును. పదునారేండ్ల నాయిక కాట్నిస్ పేర ఇరువది చీట్లు చేరుటకు కారణమిదియే. ఆకలి మృత్యువును కొనితెచ్చు ఈ లెక్క, నవలలోని కత్తిపోట్లకంటె భయంకరమైనది. ఆక్షేపించినవారి దృష్టి కత్తులపై నిలిచినంతగా ఈ లెక్కపై నిలువలేదు.

భారతదేశమున భయానకము బాలుర చెవికి కొత్త కాదు. ఏకచక్రపురమున ఇంటికొక మనిషిని బండెడు అన్నముతో బకాసురునికి పంపు కథను తెలుగుబిడ్డలు అన్నము తినుచు విన్నారు. ఆ కథలో తల్లిదండ్రులు ఎవరు పోవలెనని వాదులాడుకొనుచుండగా, మాటలు సరిగా రాని పసివాడు గడ్డిపరక పట్టుకొని దీనితో రాక్షసుని చంపెదననును. శునశ్శేపుని కన్నతండ్రియే నూరు గోవులకు యజ్ఞపశువుగా అమ్మివేసెను. ఈ కథలను పిల్లలకు తగవని ఎవరును దాచలేదు. దారుణము జరుగునని చెప్పుటతోపాటు, అది దారుణమని స్పష్టముగ చెప్పుటచేతనే అవి బాలురకు తగియున్నవి. కాలిన్స్ నవలలనుగూడ ఈ కొలతతోనే కొలువవలెను. అయితే ఒక భేదమును మరువరాదు. ఏకచక్రపురమునకు భీముడు వచ్చెను. పానెమ్‌నకు ఏ భీముడును రాడు. చెల్లెలి పేరు చీటీలో రాగా ఆమెకు మారుగా తానే బయలుదేరిన కాట్నిస్, గడ్డిపరక పట్టిన పసివాని వంటిదే.

పుస్తకము తగునా తగదా యని తీర్పు చెప్పునప్పుడు చదువువారెవరో గూడ విచారింపవలెను. ఈ విచారమునకు సూరతు నగరము మంచి తావు. ఒడిశాలోని గంజాం జిల్లావారివలెనే, తెలంగాణములోని కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలును ఆ నగరపు మరమగ్గములను నమ్ముకొని వలసపోయి, లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడిరి. గుజరాతీతోపాటు తెలుగుమాధ్యమమునగూడ నగరపాలక సంస్థ బడులు నడపిన ఊరది. మరమగ్గములను సాంచాలని పిలుచు ఆ ఇండ్లలోని పదునైదేండ్ల బిడ్డ ఈ నవలలను చదివినచో ఏమి కనుగొనును?

పానెమ్‌లోని ఎనిమిదవ జిల్లా పని బట్టల తయారీ. రెండవ నవలలో అచ్చటినుండి బోనీ యను బాలిక, ఆమె ఉపాధ్యాయిని ట్విల్ పారిపోయి వత్తురు. ట్విల్ అనునది ఒక నేతరకము పేరు; నేతవాని బిడ్డకు దానిని విప్పిచెప్ప నక్కరలేదు. బడి విడిచినపిదప వీరిరువురు దినమునకు నాలుగుగంటలు కార్ఖానాలో పని చేయువారు. అచ్చట తయారగునవి తమ్ము నణచు సైనికుల దుస్తులే. ఆ జిల్లాలో తిరుగుబాటు మాటలు యంత్రముల హోరు చాటున చెవినుండి చెవికి ప్రాకినవి. ఇతరులకు ఇది కల్పన. కండెలు చుట్టు తల్లిని, సాంచాల చప్పుడులో కేకవేసి మాటాడు తండ్రిని చూచిన బిడ్డకు ఇది పొరుగిల్లు. 1986 నాటి బాలకార్మిక చట్టమునకు 2016లో జరిగిన సవరణ, పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుటను నిషేధించుచునే, బడివేళలు ముగిసినపిదప ప్రమాదరహితమైన కుటుంబవృత్తిలో తోడ్పడుటకు అనుమతించినది. ఆ తోడ్పాటు ఎచ్చట ముగిసి కూలి ఎచ్చట మొదలగునను ప్రశ్న ఆ బిడ్డకు నవలలోనిది కాదు.

అట్లని సూరతు పానెమ్ కాదు. పానెమ్‌లో జిల్లా సరిహద్దు దాటుట నేరము. సూరతునకు జనులు బ్రతుకుదెరువు వెదకికొనుచు వచ్చిరి. 1994లో ప్లేగు భయము పుట్టినప్పుడు వేలకొలది జనులు రైళ్లెక్కి స్వస్థలములకు పోగలిగిరి. నవలకును జీవితమునకును గల పోలికతోపాటు ఈ భేదమును గూడ గుర్తింపగల పాఠకునికే ఈ గ్రంథము మేలుచేయును. ఆ వివేకము పండ్రెండేండ్లకు అరుదు, పదునైదేండ్లకు సాధ్యము.

రచనలో దోషము లేకపోలేదు. మొదటినవల వర్తమానకాలక్రియలతో, నాయిక నోటనే సాగును. ప్రతి అధ్యాయము చివర ఒక ఉత్కంఠ. తరువాత ఎవరు చత్తురో యని పుటలు త్రిప్పు పాఠకుడు తెలియకయే రాజధాని ప్రేక్షకుల వరుసలో కూర్చుండును. పండ్రెండేండ్ల రూ మరణించినప్పుడు కాట్నిస్ ఆమె దేహమును పూలతో కప్పు ఘట్టమొక్కటి ఆ పరుగును ఆపి, చచ్చినది ఒక బిడ్డ యని తలపించును. అట్టి ఘట్టములు మరికొన్ని ఉండవలసినది. 2012లో వెలువడిన చలనచిత్రమున ఈ ప్రమాదము ఇంకను హెచ్చినది. వేడుకను నిందించు కథయే వేడుకగా అమ్ముడుపోయినది.

ఈ దోషమునకు ప్రాయశ్చిత్తము మూడవనవలలో జరిగినది. తిరుగుబాటు గెలుపునకు చేరువైన వేళ, ఏ చెల్లెలికొరకు కాట్నిస్ మృత్యువున కెదురేగెనో ఆ ప్రిమ్, గాయపడిన పిల్లలకు సేవచేయుచు బాంబులకు బలియగును. ఆ బాంబులు తమ పక్షమువే యని కాట్నిస్ మనస్సు చెప్పును. పిదప గెలిచినవారే రాజధాని పిల్లలతో మరియొకమారు ఆ ఆటలు జరుపుదమని ప్రతిపాదింతురు. పీడితుడు పీడకుడగుటకు ఎంత తక్కువకాలము పట్టునో ఇంత నిర్దాక్షిణ్యముగ చెప్పిన కిశోరనవలలు తక్కువ. మొదటినవలను మాత్రము చదివించి విడిచిపెట్టుట ప్రశ్న నడిగి జవాబును దాచుట వంటిది. మూడింటిని కలిపి, పెద్దవాడొకడు తోడుగా చర్చించుచు చదివించినచో ఇవి పదునైదేండ్లవారికి తగిన గ్రంథములే. హింస ఉన్నదని నిషేధించుట, విరివిగా అమ్ముడుపోయినదని చేతికిచ్చుట, రెండును విమర్శ అనిపించుకొనవు.

తెలుగు రచయితలు ఈ నవలలను చదివి విచారింపవలసినది మరియొకటి కలదు. సూరతులోని తెలుగుబిడ్డ తన తండ్రి మగ్గపు చప్పుడును దూరదేశపు కల్పిత జిల్లాలో, పరభాషలో వినవలసివచ్చుచున్నది. ఆ చప్పుడు తెలుగు అక్షరములలో ఆ వయస్సువారికి ఎంత వినబడుచున్నది? సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారము 2010లో మొదలైనది. బాలసాహిత్యమునకు గౌరవము పెరిగినది. బాల్యమునకు ప్రౌఢత్వమునకు నడుమనున్న మెట్టుమాత్రము ఇంకను చాలవరకు ఖాళీగనే ఉన్నది. వలసపోయిన ఇంటి బిడ్డ తన భాషలో తన భయమును చదువుకొనగలిగిననాడే, ఏ పుస్తకము ఆ వయస్సునకు తగునో నిర్ణయించుటకు తెలుగువారికి సొంత కొలత ఏర్పడును.